లేదని చెప్పే పద్ధతి

విజయనగరం పొలిమేరలో ఉన్న మా ఇంజనీరింగ్ కళాశాల ప్రయోగశాలలో గత శీతాకాలమంతా ఒకే ప్రశ్నతో గడిపాం. యంత్రంలో నిజంగా ఉన్న పరికరాన్ని, ఆ యంత్రం మీదే నడుస్తున్న వర్చువల్ మెషీన్‌కు, అంటే సాఫ్ట్‌వేర్ కల్పించిన యంత్రానికి, లేదని ఎలా చెప్పాలి? చివరి సంవత్సరం విద్యార్థులు నలుగురు ప్రాజెక్టుగా ఒక చిన్న హైపర్‌వైజర్, అంటే వర్చువల్ మెషీన్‌ను నడిపే ప్రోగ్రాం, రాస్తామని ముందుకు వచ్చినప్పుడు, కష్టమంతా ప్రాసెసర్‌ను వర్చువల్ మోడ్‌లోకి తీసుకువెళ్లడంలోనే ఉంటుందని వాళ్లూ, వాళ్లకు మార్గదర్శిగా ఉన్న నేనూ అనుకున్నాం. ఆ పని మూడు వారాల్లో పూర్తయింది. మిగిలిన నెలలన్నీ దాచిపెట్టడానికే సరిపోయాయి. ఆ అనుభవాన్ని వివరంగా రాసి ఉంచితే, మన ప్రాంతంలో ఇలాంటి పని తలపెట్టే మరెవరికైనా ఆ నెలలు కలిసివస్తాయన్న ఆశతో ఈ టపా రాస్తున్నాను.

మా హైపర్‌వైజర్ చాలా చిన్నది. అది ఒకే ఒక గెస్ట్‌ను, అంటే ఒకే వర్చువల్ మెషీన్‌ను, నడుపుతుంది, యంత్రంలోని పరికరాల్లో చాలావాటిని ఆ గెస్ట్‌కే నేరుగా అప్పగిస్తుంది. అయితే కొన్నింటిని అప్పగించడానికి వీల్లేదు. సీరియల్ పోర్టును హైపర్‌వైజర్ తన లాగ్ రాసుకోవడానికి వాడుకుంటోంది. పరికరాలు మెమరీలో ఎక్కడ పడితే అక్కడ రాయకుండా కాపలా కాసే ఐఓఎంఎంయూ హైపర్‌వైజర్ చేతిలోనే ఉండాలి. పరికరాలు ప్రాసెసర్‌ను పిలవడానికి వాడే ఎంఎస్ఐ-ఎక్స్ అనే అంతరాయాల (ఇంటరప్ట్‌ల) విధానానికి కోడ్ రాసే వ్యవధి మాకు లేదు. వర్చువల్ మెషీన్ లోపల మరో వర్చువల్ మెషీన్ నడిపే సౌకర్యమూ లేదు. వీటిలో ఏ ఒక్కటి గెస్ట్ కంటపడినా అది డ్రైవర్‌ను లోడ్ చేస్తుంది, ఆ డ్రైవర్ పరికరంతో మాట్లాడబోతుంది, ఆ మాటకు హైపర్‌వైజర్ దగ్గర సరైన జవాబు ఉండదు. అప్పుడు తెర మీద ఏ సందేశమూ రాకుండా బూట్ ఆగిపోతుంది. మద్దతు లేని పరికరాన్ని చూపించడం కంటే అది లేదని చెప్పడమే గెస్ట్‌కు చేసే మేలు.

తెలుగులో ‘లేదు’ వేరు, ‘కాదు’ వేరు, ‘కూడదు’ వేరు. ఒకటి వాడవలసిన చోట మరొకటి వాడితే మాట చెడుతుంది. హార్డ్‌వేర్‌లోనూ సరిగ్గా ఇలాంటి తేడాయే ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది. పరికరాలను ప్రాసెసర్‌తో కలిపే పీసీఐ బస్సు మీద పరికరమే లేకపోతే జవాబు అన్నీ ఒకట్లు. ప్రాసెసర్‌కు ఒక గుణం లేకపోతే దానికి సంబంధించిన బిట్ సున్నా. ఎంఎస్‌ఆర్ అంటే ప్రాసెసర్ లోపలి అమరికలుండే ప్రత్యేక రిజిస్టర్; లేని ఎంఎస్‌ఆర్‌ను చదవబోతే విలువ ఏదీ రాదు, జనరల్ ప్రొటెక్షన్ అనే దోషం లేస్తుంది. మొదట్లో మేము ఈ మూడు చోట్లా సున్నానే ఇచ్చాం. ‘ఏమీ లేదు’ అంటే సున్నా అనుకోవడం ఎవరికైనా సహజమే. అయితే పీసీఐలో అన్నీ సున్నాలు వస్తే, పాత బోర్డుల్లో కొన్ని అలా తప్పుగా జవాబిస్తాయన్న ఎరుకతో లినక్స్ దాన్ని కూడా లేనట్టే తీసుకుంటుంది గనుక, మా పొరపాటు చాలా రోజులు బయటపడలేదు.

ఒకట్లు ఎందుకో విద్యార్థులకు బోర్డు మీద ఇలా చెప్పాను. పీసీఐలో ప్రతి పరికరానికీ బస్సు, డివైస్, ఫంక్షన్ అనే మూడు సంఖ్యల చిరునామా ఉంటుంది. మొత్తం 256 బస్సులు, ఒక్కో బస్సు మీద 32 డివైస్‌లు, ఒక్కో డివైస్‌లో 8 ఫంక్షన్లు ఉండవచ్చు. బూట్ అయ్యేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఈ చిరునామాల దగ్గరకు వెళ్లి మొదటి రెండు బైట్లు చదువుతుంది. అక్కడ తయారీదారు సంఖ్య ఉంటుంది. ఇంటెల్ తన సంఖ్యగా 8086నే తీసుకుంది, అది 1978లో వచ్చిన ఆ సంస్థ ప్రాసెసర్ పేరు. చిరునామాలో ఎవరూ లేకపోతే ఆ పిలుపుకు పలికేవారు ఉండరు, అప్పుడు హోస్ట్ బ్రిడ్జి బిట్లన్నిటినీ ఒకట్లతో నింపి వెనక్కి పంపుతుంది. పదహారు ఒకట్ల సంఖ్యను ఏ తయారీదారుకూ కేటాయించలేదు కనుక ఆ విలువకు ‘ఇక్కడ ఎవరూ లేరు’ అనే ఒకే అర్థం. హైపర్‌వైజర్ చేయవలసిందల్లా గెస్ట్ అడిగిన చిరునామా దాచవలసినదైతే, అసలు పరికరం దాకా వెళ్లకుండా, ఆ ఒకట్లను తానే ఇవ్వడం.

చెప్పడానికి ఇది ఇంత తేలిక. మొదటి దెబ్బ నెట్‌వర్క్ కార్డు దగ్గర తగిలింది. మా దగ్గర ఉన్నది నాలుగు పోర్టుల ఇంటెల్ ఐ350, పాత సర్వర్‌లోంచి తీసి జాగ్రత్త చేసిన కార్డు. ఈ నాలుగు పోర్టులూ ఒకే డివైస్‌లోని నాలుగు ఫంక్షన్లుగా, 0 నుంచి 3 వరకు, కనిపిస్తాయి. మొదటి పోర్టును హైపర్‌వైజర్ కోసం ఉంచుకుని మిగతా మూడూ గెస్ట్‌కు ఇవ్వాలని నిర్ణయించాం. ఫంక్షన్ 0 అడిగితే ఒకట్లు, 1, 2, 3 అడిగితే అసలు విలువలు. గెస్ట్ బూట్ అయ్యాక చూస్తే ఒక్క పోర్టు కూడా లేదు. “సార్, కార్డు మొత్తమే కనబడటం లేదండి, మనం దాచింది ఒకటే కదా!” అంటూ విద్యార్థి తెర చూపించాడు. కార్డు పాడైందేమోనని వేరే యంత్రంలో పెట్టి చూశాం. అక్కడ నాలుగూ పనిచేశాయి.

కారణం మా కోడ్‌లో లేదు, పీసీఐ నియమంలో ఉంది. ఒక డివైస్ ఉందంటే దానికి ఫంక్షన్ 0 తప్పనిసరిగా ఉండాలి. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ ముందు 0 దగ్గర అడుగుతుంది. అక్కడ లేదంటే మిగిలిన ఏడింటి జోలికి పోదు. ఉందంటే హెడర్ టైప్ అనే బైటులోని పై బిట్ చూసి, అది ఒకటైతేనే మిగిలినవాటిని వెతుకుతుంది. మేము దాచిన ఒక్క ఫంక్షనూ మిగతా మూడింటికి వాకిలి. లినక్స్‌లో ఈ నియమానికి మినహాయింపు లేకపోలేదు. జైల్‌హౌస్ అనే హైపర్‌వైజర్ కింద నడిచేటప్పుడూ, ఐబీఎం వారి ఎస్390 యంత్రాల మీదా, ఫంక్షన్ 0 లేకపోయినా మిగిలినవాటిని వెతకమని అందులో ప్రత్యేకంగా రాశారు, ఎందుకంటే అక్కడ కూడా ఫంక్షన్లను విడివిడిగా పంచుతారు. మాది వాటిలో ఏదీ కాదు. గెస్ట్‌ను మార్చకుండా పని జరగాలన్నది మేము మొదటి రోజున పెట్టుకున్న కట్టుబాటు.

చివరకు చిరునామాలు మార్చాం. అసలు ఫంక్షన్లు 1, 2, 3లను గెస్ట్‌కు మూడు వేర్వేరు డివైస్‌లుగా, ఒక్కోదాన్నీ ఫంక్షన్ 0గా చూపించాం. అలా చూపించేటప్పుడు హెడర్ టైప్‌లోని పై బిట్‌ను సున్నా చేయాలి. చేయకపోతే గెస్ట్ ప్రతి డివైస్‌లోనూ మరో ఏడు ఫంక్షన్ల కోసం వెతుకుతుంది. దానివల్ల నష్టమేమీ లేదు కానీ మేము చెప్పిన మాట సగం నిజం, సగం అబద్ధం అవుతుంది. ఆ సాయంత్రం గెస్ట్‌లో మూడు పోర్టులూ వరసగా కనిపించినప్పుడు విద్యార్థులు చివరి బస్సు వదులుకుని మరీ ప్రయోగశాలలో కూర్చుండిపోయారు.

తరువాతి వారం ఎంఎస్ఐ-ఎక్స్‌ను దాచే పని. పరికరం మొత్తాన్ని దాచడం కాదు, పరికరాన్ని చూపిస్తూ దాని సామర్థ్యాల్లో ఒకదాన్ని మాత్రమే దాచడం. ఇది ఇంకా సున్నితమైన పని. పీసీఐ పరికరం తన సామర్థ్యాలను ఒక గొలుసుగా అమర్చి ఉంచుతుంది. హెక్సాడెసిమల్‌లో (పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతి, ఈ స్థానాలన్నీ అందులోనే) 34వ బైటు మొదటి సామర్థ్యం ఎక్కడుందో చెబుతుంది. అక్కడికి వెళితే మొదటి బైటులో ఆ సామర్థ్యం గుర్తింపు సంఖ్య, రెండో బైటులో తరువాతి సామర్థ్యం స్థానం ఉంటాయి. మా ఐ350లో 40 దగ్గర విద్యుత్ నిర్వహణ, 50 దగ్గర ఎంఎస్ఐ, 70 దగ్గర ఎంఎస్ఐ-ఎక్స్, ఏ0 దగ్గర పీసీఐ ఎక్స్‌ప్రెస్. అంటే 51వ బైటులో 70 అని రాసి ఉంటుంది. గెస్ట్ ఆ బైటును చదివినప్పుడు 70కి బదులు ఏ0 అని జవాబిస్తే, ఎంఎస్ఐ-ఎక్స్ గొలుసులోంచి జారిపోతుంది, గొలుసు మాత్రం తెగదు.

ఈ పని చేపట్టిన విద్యార్థినిది పొందూరు. వాళ్ల ఇంట్లో మూడు తరాలుగా మగ్గం ఉంది. నేను బోర్డు మీద బాణం గుర్తులు గీస్తూ ఉంటే, “పోగులో గడ్డ తగిలితే అంతమేర తెంపేసి రెండు కొసలూ అతికేస్తారు సార్, గుడ్డలో కనబడదు” అంది. పాఠ్యపుస్తకంలో లింక్డ్ లిస్ట్ గురించి ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదనిపించింది. ఆ ‘అతకడం’ అనే మాటే తరువాత మా కోడ్‌లో ఆ ఫంక్షన్‌కు పేరయింది.

పోగు అతికినా గుడ్డలో గడ్డ కనబడింది. ఆమె రాసిన పరీక్ష ప్రోగ్రాం ఎంఎస్ఐ-ఎక్స్ లేదని చెబుతుంటే, గెస్ట్‌లోని లినక్స్ మాత్రం ఉందని చెప్పి దాన్ని వాడబోయి ఇరుక్కుపోయింది. రెండు రోజులు వెతికాక దొరికిన కారణం ఇది. ఆమె ప్రోగ్రాం గొలుసును బైటు చొప్పున చదివింది. లినక్స్ మాత్రం 50 దగ్గర మొదలుపెట్టి రెండు బైట్లు ఒకేసారి చదివి, కింది బైటును గుర్తింపుగానూ పై బైటును తరువాతి స్థానంగానూ విడదీసుకుంటుంది. మా హైపర్‌వైజర్ ‘51వ బైటు అడిగితే’ అనే షరతు పెట్టింది. లినక్స్ 51ని ఎప్పుడూ విడిగా అడగలేదు, 50ని అడుగుతూ దానితోపాటే తీసుకుపోయింది. పరికరం తన వివరాలు ఉంచే ఈ కాన్ఫిగరేషన్ స్థలాన్ని ఒకటి, రెండు లేదా నాలుగు బైట్ల చొప్పున ఎలాగైనా చదవవచ్చు. కనుక షరతు పెట్టవలసింది అడిగిన చోటు మీద కాదు, అడిగిన మేరలో మనం మార్చవలసిన బైటు పడిందా లేదా అన్నదాని మీద. దీన్ని సరిచేశాక ఐ350 డ్రైవర్ ఎంఎస్ఐ-ఎక్స్ దొరక్క మామూలు ఎంఎస్ఐకి తగ్గి, తక్కువ క్యూలతో, ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. మంచి డ్రైవర్‌కు లేదని స్పష్టంగా చెబితే చాలు, ఉన్నదానితో సర్దుకుంటుంది.

పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఇంకో గొలుసు ఉంది, అది హెక్సాడెసిమల్ 100 దగ్గర మొదలవుతుంది. దాని తలకు దారి చూపే బైటు ఎక్కడా లేదు, స్థానమే నియమం. కనుక మొదటి సామర్థ్యాన్నే దాచవలసివస్తే అతకడానికి ముందు కొస ఉండదు. యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే క్యూఎము రాసినవారు దీనికి చేసిన ఉపాయం చదివినప్పుడు నాకు ఎంతో ముచ్చటేసింది. తల స్థానంలో ముందుగా ఒక ఉత్తుత్తి సామర్థ్యాన్ని నిలబెడతారు. నిజమైనవాటిలో చూపించదలచినవాటిని దాని వెనక కడతారు. అంతా అయ్యాక కూడా ఆ తల అలాగే మిగిలితే దాని గుర్తింపును సున్నా చేస్తారు. వెనక ఏవైనా ఉంటే గొలుసు కొనసాగుతుంది, ఏమీ లేకపోతే ఆ సున్నాయే గొలుసు లేదని చెబుతుంది.

అన్నిటికంటే పెద్ద పాఠం మాకు ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ నేర్పింది. అప్పటిదాకా గెస్ట్‌గా లినక్స్ ఒక్కటే వాడాం, దాచినవన్నీ చక్కగా దాగాయి. ఒక ఆదివారం విద్యార్థి ఒకడు కుతూహలం కొద్దీ ఫ్రీబీఎస్‌డీని బూట్ చేస్తే, దాచిన గ్రాఫిక్స్ కార్డు, దాచిన నెట్‌వర్క్ పోర్టు అన్నీ తెర మీద వరసగా ప్రత్యక్షమయ్యాయి. కాన్ఫిగరేషన్ స్థలానికి రెండు దారులున్నాయి. పాతది సీఎఫ్8, సీఎఫ్‌సీ అనే రెండు ఐఓ పోర్టుల దారి, దీనితో ఒక్కో ఫంక్షన్‌కు 256 బైట్లే అందుతాయి. కొత్తది మెమరీ దారి, ఒక్కో ఫంక్షన్‌కు 4096 బైట్లు, దాని చిరునామా ఎంసీఎఫ్‌జీ అనే ఏసీపీఐ పట్టికలో ఉంటుంది (ఏసీపీఐ అంటే యంత్రంలో ఏమేమున్నాయో ఫర్మ్‌వేర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పే వర్ణన). ఎక్స్86 మీద లినక్స్ మొదటి 256 బైట్లకు పాత పోర్టులనే వాడుతుంది, ఆపై వాటికి మాత్రమే మెమరీ దారి పడుతుంది. ఫ్రీబీఎస్‌డీ మెమరీ దారి ఉంటే మొదటి నుంచీ దాన్నే వాడుతుంది. మేము పోర్టుల దారిలో కాపలా పెట్టి, మెమరీ దారిని తెరిచి వదిలేశాం. నాన్నగారు ఇంట్లో లేరని పిల్లవాడు చెబుతూ ఉండగా గుమ్మం ముందు ఆయన చెప్పులు విడిచి ఉన్నట్టయింది. అలాంటప్పుడు వచ్చినవారు పిల్లవాడి మాటనూ నమ్మరు, ఇంటివారినీ నమ్మరు.

ఆ రోజు నుంచి మా ఆలోచన మారింది. పరికరాన్ని దాచడమంటే ఒక జవాబు ఇవ్వడం కాదు, ఆ పరికరం గురించి గెస్ట్ ఏయే దారుల్లో అడగగలదో అన్నిటినీ ముందు పోగుచేసి, అన్ని చోట్లా ఒకే మాట వచ్చేలా చూడడం. సీరియల్ పోర్టునే తీసుకోండి. 3ఎఫ్8 దగ్గర ఐఓ పోర్టులు చదివితే ఒకట్లు ఇచ్చాం, లినక్స్ డ్రైవర్ అక్కడ ఒక రిజిస్టర్‌లో రాసి తిరిగి చదివి, రాసింది రాకపోవడంతో ఎవరూ లేరని తేల్చుకుంది. కానీ ఏసీపీఐ వర్ణనలో ఆ పోర్టు ఉందనే రాసి ఉంది. ఏసీపీఐలో ప్రతి పరికరానికీ స్థితిని చెప్పే ఒక పద్ధతి ఉంటుంది, అది ఇచ్చే విలువలో మొదటి బిట్ సున్నా అయితే పరికరం లేదని అర్థం. ఆ వర్ణన ఫర్మ్‌వేర్‌లో కోడ్‌గా ఉంటుంది కాబట్టి దాన్ని మధ్యలో మార్చడం సులభం కాదు. జెన్ హైపర్‌వైజర్‌వారు ఇందుకోసమే స్టావో అనే చిన్న పట్టికను కల్పించారు. ‘వర్ణనలో ఏమున్నా సరే, వీటిని లేనట్టే చూడండి’ అని గెస్ట్‌కు చెప్పడమే దాని పని. అది అర్థమయ్యే గెస్ట్‌కు అదే చక్కని మార్గం.

ఐఓఎంఎంయూను దాచడంలో జెన్ చేసే పని ఇంకా అందమైనది. ఇంటెల్ యంత్రాల్లో ఐఓఎంఎంయూ వివరాలు డీఎంఏఆర్ అనే ఏసీపీఐ పట్టికలో ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్ ఏసీపీఐ పట్టికలను వాటి పేర్లను బట్టి వెతుకుతుంది, ప్రతి పట్టికలోనూ చెక్‌సమ్ అనే ఒక బైటు ఉంటుంది, పట్టికలోని బైట్లన్నీ కూడితే వచ్చే మొత్తంలో చివరి ఎనిమిది బిట్లూ సున్నా కావాలి. జెన్ ఆ పట్టికను చెరపదు, తీసివేయదు. పేరులోని మొదటి అక్షరం డీని ఎక్స్‌గా మారుస్తుంది, అంతే. ఆస్కీలో డీ విలువ 68, ఎక్స్ విలువ 88. మొత్తం 20 పెరిగింది కనుక చెక్‌సమ్ బైటులోంచి 20 తీసివేస్తుంది. ఇప్పుడు లెక్క ప్రకారం పట్టికలో దోషం లేదు, కానీ ఆ పేరుతో వెతికేవారెవరూ లేరు. మేమూ అదే చేశాం. విద్యార్థులు చేతులతో కూడిక వేసి సరిచూసి, ఆ రెండు బైట్ల మార్పు తరువాత గెస్ట్ ఐఓఎంఎంయూ ఊసే ఎత్తకుండా బూట్ కావడం చూసి చప్పట్లు కొట్టారు.

ప్రాసెసర్ విషయంలో పద్ధతి వేరు. గెస్ట్ సీపీయూఐడీ అనే ఆదేశంతో ప్రాసెసర్ గుణాలను అడుగుతుంది. వర్చువల్ మెషీన్లకు ఇంటెల్ ప్రాసెసర్‌లో ఉండే తోడ్పాటైన వీటీ-ఎక్స్‌లో ఆ ఆదేశం నడిచిన ప్రతిసారీ పగ్గాలు తప్పనిసరిగా హైపర్‌వైజర్ చేతికి వస్తాయి, కనుక జవాబు మన చేతిలోనే ఉంటుంది. లోపల మరో వర్చువల్ మెషీన్ నడపలేమని చెప్పడానికి సీపీయూఐడీ జవాబుల్లోని 1వ పట్టీలో (లీఫ్ 1) ఈసీఎక్స్ రిజిస్టర్ 5వ బిట్‌ను సున్నా చేస్తే సరిపోయింది. ప్రాసెసర్ రిజిస్టర్ల స్థితిని భద్రపరిచే ఎక్స్‌సేవ్ దగ్గర మాత్రం తప్పు చేశాం. దానికి కావలసిన మద్దతు మా దగ్గర లేక ఆ ఒక్క బిట్‌నూ దాచి, దాని మీద ఆధారపడే, ఒకేసారి అనేక సంఖ్యల మీద లెక్కచేసే ఏవీఎక్స్, ఏవీఎక్స్2 ఆదేశాల బిట్లను అలాగే వదిలేశాం. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌సేవ్‌ను ఆన్ చేయకపోతే ఏవీఎక్స్ ఆదేశాలు నడవవు. విద్యార్థి రాసుకున్న మాత్రికల గుణకారం ప్రోగ్రాం ఏవీఎక్స్2 బిట్ ఒక్కటే చూసి నమ్మి, మొదటి అడుగులోనే చెల్లని ఆదేశమంటూ ఆగిపోయింది. తల్లిని దాస్తే పిల్లలనూ దాచాలి.

దీనితోపాటు మరొకటి గుర్తుంచుకోవాలి. దాచడం వేరు, తాళం వేయడం వేరు. గుప్తీకరణకు వాడే ఏఈఎస్ ఆదేశాల బిట్‌ను సీపీయూఐడీలో సున్నా చేసినా, గెస్ట్‌లోని ప్రోగ్రాం ఆ బిట్‌ను చూడకుండా నేరుగా ఆ ఆదేశాన్ని వాడితే అది శుభ్రంగా నడుస్తుంది, దాన్ని పట్టుకునే ఏర్పాటు వీటీ-ఎక్స్‌లో లేదు. పరికరాలకూ ఇదే వర్తిస్తుంది. కాన్ఫిగరేషన్ స్థలంలో ఒకట్లు ఇచ్చినంత మాత్రాన ఆ పరికరం మెమరీ కిటికీ, అంటే దానితో మాట్లాడే మెమరీ చిరునామాల మేర, మూసుకుపోదు. గెస్ట్‌కు ఏ మెమరీ అందాలో చెప్పే, హైపర్‌వైజర్ ఉంచే పేజీ పట్టికల్లోంచి ఆ చిరునామాలను తీసివేస్తేనే అది నిజంగా మూతపడుతుంది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, నాకు తెలిసి కొత్తవారు ఎక్కువగా పడేది ఇందులోనే. పరికరం లేదని నమ్మిన గెస్ట్ దాని మెమరీ చిరునామాలు ఖాళీ అనుకుంటుంది. మరో పరికరానికి చోటు కావలసివస్తే తెచ్చి అక్కడే పెడుతుంది. అసలు పరికరం ఆ చిరునామాలో ఇంకా పలుకుతూనే ఉంది కనుక ఇద్దరూ ఒకేసారి పలుకుతారు. ఊళ్లో ఖాళీగా కనిపించే స్థలంలో ఎవరో ఒకరు పాక వేయకుండా ఉండరు. ఆ స్థలం చుట్టూ ముందే కంచె వేయాలి, అంటే గెస్ట్‌కు ఇచ్చే మెమరీ పటంలో ఆ మేరను ప్రత్యేకించినదిగా రాయాలి.

స్వయంగా హైపర్‌వైజర్ రాయకుండా తయారుగా ఉన్నవాటిని వాడేవారికి ఈ శ్రమలో చాలా భాగం ఉండదు. లినక్స్‌లోనే ఉండే హైపర్‌వైజర్ కేవీఎం 2007 ఫిబ్రవరిలో లినక్స్ 2.6.20తో వచ్చింది, పరికరాలను గెస్ట్‌కు భద్రంగా అప్పగించే వీఎఫ్ఐఓ 2012లో 3.6తో వచ్చింది. అక్కడ గెస్ట్‌కు ఇవ్వనిది దానికి మొదటి నుంచీ కనబడదు, ఎందుకంటే క్యూఎము గెస్ట్‌కు కల్పించేది వేరే మదర్‌బోర్డు. అక్కడ దాచవలసింది హోస్ట్ నుంచి, అంటే గెస్ట్‌ను నడిపే అసలు ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి. గెస్ట్‌కు ఇవ్వదలచిన కార్డును హోస్ట్ డ్రైవర్ ముందే పట్టుకోకుండా చూడాలి. అసలు యంత్రాన్నే గెస్ట్‌కు చూపిస్తూ అందులో కొన్నింటిని మరుగుపరిచే మా పద్ధతిలోనే ఈ బాధలన్నీ.

కొన్నిసార్లు దాచదలచినది ఒకటైతే దాగేది మరొకటి కూడా. నలుగురిలో ఒకరు రాస్ప్‌బెర్రీ పై 4 మీద జెన్ నడిపి చూశారు. ఏఆర్‌ఎం యంత్రాల్లో పరికరాల జాబితా డివైస్ ట్రీ రూపంలో వస్తుంది, జెన్ తాను ఇవ్వదలచనివాటిని అందులోంచి తీసివేసి గెస్ట్‌కు ఇస్తుంది. ఆ బోర్డులో సహాయక యూఏఆర్‌టీ (సీరియల్ పోర్టు), సహాయక ఎస్‌పీఐ (చిన్న పరికరాలను బోర్డుకు కలిపే మార్గం) ఒకే మెమరీ పేజీలో ఇరుగుపొరుగుగా ఉన్నాయి, ఒకే అంతరాయాన్ని కూడా పంచుకుంటాయి. ప్రాసెసర్ గోడ కట్టగలిగే అతి చిన్న మేర 4096 బైట్ల పేజీ. ఒకే గదిలో ఉన్నవారి మధ్య గోడ కట్టలేక, జెన్‌లో ఆ బోర్డు కోసం రాసిన కోడ్ ఆ బృందాన్ని మొత్తంగా మరుగుపరుస్తుంది. ఆ వ్యాఖ్య చదివాక, ఎస్‌పీఐ తెర తన గెస్ట్‌లో ఎందుకు పనిచేయడం లేదో ఆ విద్యార్థికి తెలిసింది.

ఫిబ్రవరి చివర మేము ఒక పరీక్ష ప్రోగ్రాం రాసుకున్నాం. గెస్ట్ లోపల నడుస్తూ అది 65,536 పీసీఐ చిరునామాలనూ రెండు దారుల్లో, ఒకటి, రెండు, నాలుగు బైట్ల చొప్పున చదివి, జవాబుల్లో ఎక్కడ తేడా వచ్చినా చెబుతుంది. మొదటిసారి నడిపినప్పుడు తేడాల జాబితా రెండు పేజీలు వచ్చింది. మధ్యలో కరెంటు పోయి, యూపీఎస్ మీద మిగిలిన పది నిమిషాల్లో దాన్ని ప్రింట్ తీసి గోడకు అంటించాం. తరువాతి రెండు వారాల్లో ఒక్కొక్క వరసనూ సరిచేసి కొట్టివేస్తూ వచ్చారు. పొందూరు నుంచి వచ్చే విద్యార్థిని ఉదయం రైలు దిగి నేరుగా ప్రయోగశాలకే వచ్చి, తరగతి మొదలయ్యేలోగా ఒక వరస తగ్గించేది.

ఇప్పుడు ఆ గోడ మీద ఇంకో కాగితం ఉంది. ఎడమ వైపు దాచిన పరికరాల పేర్లు, వాటి పక్కన నాలుగు నిలువు గళ్లు: పోర్టుల దారి, మెమరీ దారి, ఏసీపీఐ, పేజీ పట్టికలు. సీరియల్ పోర్టుకూ, ఐఓఎంఎంయూకూ, గ్రాఫిక్స్ కార్డుకూ అవసరమైన గళ్లన్నీ నిండాయి. హెచ్‌పీఈటీ టైమర్ దగ్గర ఏసీపీఐ గడిలో టిక్కు పడింది, దాని పట్టిక పేరు మార్చేశాం. దాని మెమరీ పేజీ మాత్రం గెస్ట్‌కు ఇంకా తెరిచే ఉంది, ఆ గడి ఖాళీ.